కిందిపెట్టెకు మళ్ళీ నోరిచ్చిన అలమేలక్క

రెండు వారాల కిందట ఒక ఉదయం పుదుచ్చేరి తట్టాంచావడిలోని మా షెడ్డులో స్టెబిలైజర్లను వ్యానుకెక్కిస్తూ ఉండగా మాలతి ఫోను చేసింది. "రత్నం మామా, అమ్మ పోయింది" అంది. "ఎవరి అమ్మ?" అని అడిగాను. నా బుద్ధి ఆ క్షణంలో అంతకు మించి పనిచేయలేదు. మాలతి తల్లి, మా ఊరి పాలిటెక్నిక్‌లో తరాల తరబడి ఎలక్ట్రానిక్స్ బోధించి విశ్రాంతి తీసుకుంటున్న విదుషీమణి ఆర్. అలమేలు గారు, ఒర్లియంపేటలోని తమ ఇంట్లో కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే కన్నుమూశారు. ముందురోజు సాయంత్రమే నాతో ఫోనులో పోట్లాడిన మనిషి. ఆ పోట్లాటలో నా వంతు ఇంకా మిగిలే ఉంది.

ఆమె గురించి మన సంఘం సంచికకు రాయమన్నారు. అలమేలక్కకు తెలుగు చదవడం రాదు. మా ఊళ్ళో స్థిరపడిన తెలుగువాళ్ళలో చాలామందిలాగే ఆమెకు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, ల్యాబులో ఇంగ్లీషు. నేనేదైనా రాసి చదివి వినిపిస్తే, "ఏంది రత్నం, ఇంత సంస్కృతం? నన్నేమన్నా పల్లకీ ఎక్కిస్తా ఉండావా?" అని వెక్కిరించేవారు. ఈ ఒక్కసారికి ఎక్కించే తీరతాను. అందుకు తగిన మనిషి ఆమె.

నేను ఆమెకు శిష్యుణ్ణి. కాలేజీలో మేడమ్, గేటు దాటితే అక్క. నేను మొదటి ఏడు ల్యాబులో అడుగుపెట్టిన రోజు, చక్కగా పాడుతున్న ఒక రేడియోను నా ముందు పెట్టి, "దీన్ని చెడగొట్టు" అన్నారు. ఒక తీగ పీకాను. "సుమ్మా ఊరికే పీకేది కాదు. ఎవురికీ తెలీకుండా చెడగొట్టు. పాడాల, కానీ తప్పుగా పాడాల" అన్నారు. ఆ రోజంతా నా వల్ల కాలేదు. చెడగొట్టడం తెలియనివాడికి బాగుచేయడం రాదన్నది ఆమె సిద్ధాంతం. ఈనాడు నా షెడ్డులో పనిలో చేరే ప్రతివాడికీ నేనూ అదే పరీక్ష పెడతాను. తిట్టుకుంటారు, నేర్చుకుంటారు.

ఆమెకు ఆత్మవిశ్వాసం పుట్టుకతో వచ్చింది. వాళ్ళ నాన్నగారికి నెల్లితోపు మార్కెట్టు పక్కన రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం ఉండేది. ఆడపిల్ల సాల్డరింగ్ కడ్డీ పట్టుకుందేమిటని వచ్చినవాళ్ళు గొణిగితే, "ఆమె చేస్తే మళ్ళీ రాదు, నేను చేస్తే వారంలో వస్తాది. ఎవురు చెయ్యాలో మీరే చెప్పండి" అనేవారట తండ్రి. ఆ మాటను అలమేలక్క ఎంత తృప్తిగా చెప్పుకునేవారో! వినయం ఆమె సద్గుణాల్లో లేదు. ఉన్నట్టు నటించనూ లేదు.

ఆమె జీవితంలో ఒక పెద్ద శోకం ఉంది. భర్త గోపాల్ గారు మాలతి చంటిబిడ్డగా ఉన్నప్పుడే కామెర్లతో గతించారు. ఫోటోలు మిగిలాయి. గొంతు మాత్రం ఒకే ఒక చోట మిగిలింది. ఆ చోటు ఏమిటో చెప్పాలంటే ఒక ఆటపెట్టె గురించి చెప్పాలి.

ఓడలో పనిచేసే అక్క వాళ్ళ చిన్నాయన జపాను నుంచి టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ పెట్టె ఒకటి తెచ్చి ఇచ్చారు. దానితో పాటే, దాని కింద అమర్చే మరో పెట్టె. ఇంట్లో దాన్ని కిందిపెట్టె అనేవారు. దానికి ఒక చిన్న మైకు, చిన్న క్యాసెట్టు పెట్టే నోరు. మైకులో మనం మాట్లాడితే ఆ మాటను టేపు మీద దాచుకుని, ఆటలో దాన్నే నేలగా పరుస్తుంది. గట్టిగా పలికిన చోట గుట్ట, మెల్లగా పలికిన చోట గుంట. ఆ గుట్టల మీద ఒక బొమ్మ నడుస్తూ ఉంటే మన గొంతు మనకే వినిపిస్తుంది. పాపం, ఆ కిందిపెట్టెను కొన్నవాళ్ళు లోకంలో బహు తక్కువ. తయారుచేసిన వాళ్ళే దాన్ని త్వరగా మరిచిపోయారు. గోపాల్ గారు మాత్రం ఒక ఆదివారం దానిలో మాట్లాడారు. కొన్నాళ్ళకు పెట్టె చెడిపోయింది, ఆయనా పోయారు, టేపు మిగిలింది. మామూలు టేప్ రికార్డరులో పెడితే కీచుమని అరుస్తుందే తప్ప మాట రాదు. అది ఆ యంత్రానికి మాత్రమే తెలిసిన లిపి.

అక్క పదవీ విరమణ చేసిన కొత్తలో మాలతి ఒకనాడు అడిగిందట, "అమ్మా, నాన్న గొంతు ఎట్ల ఉండేది?" అని. అక్క ఆయనలా పలికి చూపించబోయి ఆగిపోయారట. "నేను చెప్తే నా గొంతే వస్తాది" అన్నారట. మర్నాడే నా షెడ్డుకు వచ్చి, మూలనున్న బల్ల మీది సామాను తోసేసి, "ఇక మీదట ఇది నాది" అన్నారు. బల్ల నాదని నేను గుర్తుచేయలేదు.

ఆమె తలపెట్టింది ఎమ్యులేటరు. అంటే, లేని యంత్రం చేసే పనినంతా కంప్యూటరు చేత చేయించే ప్రోగ్రాము. ఆటపెట్టెకు అలాంటివి ఎప్పుడో వచ్చాయి. కిందిపెట్టెకు ఎవరూ రాయలేదు, ఎవరికి పట్టింది గనుక! "వేషం కట్టినట్టు ఉండకూడదు రత్నం. ఆటకి అనుమానమే రాకూడదు, నిజం పెట్టె మీదే ఉండానని అది నమ్మాల" అనేవారు. అంటే ప్రతి స్పందన సరిగ్గా ఆ పెట్టె ఇచ్చే వేళకే ఇవ్వాలి. కాస్త తొందరపడినా, కాస్త ఆలస్యమైనా ఆట బిగుసుకుపోతుంది.

ఇక్కడ ఆమె తన నియమం ఒకటి పాటించారు. ఆ నియమాన్ని మాకు క్లాసులో నూరిపోసింది కూడా ఆమే. "చచ్చిన సెట్టును చూసి కొలత తీయకూడదు." పని చేయని యంత్రంలో ఏది సరైనదో, ఏది చెడినదో తెలియదు కాబట్టి. అందుకని అటక మీది సొంత పెట్టెను దించనే లేదు. ఇంటర్నెట్టులో పాత ఆటపెట్టెల పిచ్చివాళ్ళ గుంపు ఒకటి ఉంది. వాళ్ళలో బతికున్న కిందిపెట్టెలు కలిగినవాళ్ళను వెతికి పట్టుకుని, ఏ తీగ మీద ఏమి కొలవాలో ఒక్కొక్కరికి ఆజ్ఞాపించారు. అవును, ఆజ్ఞాపించారు. ఒక విదేశీయుడు, పెద్ద ఇంజనీరేనట, తన కొలతే సరైనదని వాదించాడు. "మీ మీటరు వేడెక్కకముందే కొలిచారు. అరగంట ఆగి మళ్ళీ కొలవండి" అని ఒక్క ముక్క రాశారు. అతడు అరగంట ఆగి కొలిచి, క్షమాపణ రాశాడు. అక్క ఆ క్షమాపణను నాకు చదివి వినిపించి, "మంచోడే, తొందర జాస్తి" అన్నారు.

ప్రోగ్రాము పూర్తయింది. టేప్ రికార్డరును కంప్యూటరుకు తగిలించి పెడితే, కంపెనీ వాళ్ళ ఆట టేపులన్నీ దానిలో నిక్షేపంగా ఎక్కాయి. ఎక్కడెక్కడి నుంచో అభినందనలు వచ్చాయి. ఆ సందడిలో ఇంటి టేపు పెట్టారు. ఎక్కలేదు. మళ్ళీ పెట్టారు. టేపులో ఏమీ లేదని తెర మీద పడింది. మాలతి ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వచ్చింది. టిఫిన్ డబ్బా సర్దుకుని వెళ్ళిపోయింది.

గుంపులోని వాళ్ళందరూ ఒకటే మాట. సముద్రపు గాలి, ఉప్పు, బూజు, టేపు పోయింది, విచారం తెలుపుతున్నాం. నేనూ అదే అనుకున్నాను, అన్నాను కూడా. అక్క నా చెయ్యి పట్టుకుని తెర ముందు కూర్చోబెట్టారు. టేపు మీది చప్పుడంతా గీతలుగా కనిపిస్తోంది, దువ్వెన పళ్ళలాగా. "చూడు. చెడిపోయింది ఇంత ఒబ్బిడిగా ఉంటాదా? ఒక పన్ను విరిగిందా? ఒకటి వంగిందా? టేపు బాగానే ఉండాది. తప్పు యాడో ఉండాది, టేపులో లేదు" అన్నారు. లోకమంతా ఒకవైపు, ఆమె ఒకవైపు. ఆమెకు అది అలవాటే.

ఒక శనివారం మధ్యాహ్నం, మాలతి కూడా ఉండగా, చివరికి తన నియమాన్ని తానే పక్కన పెట్టి ఆ చచ్చిన పెట్టెను విప్పారు. లోపల చూస్తూ చూస్తూ ఆమె ముఖం ఎర్రబడింది. "ఏ మడయన్ చేసినాడు ఈ పని! జపాన్ క్రిస్టల్ తీసేసి మన కలర్ టీవీది పెట్టినాడు!" అన్నారు. మడయన్ అంటే తమిళంలో మూర్ఖుడు. క్రిస్టల్ అంటే, మాలతికి చెప్పినట్టే మీకూ చెబుతాను, యంత్రానికి తాళం వేసే చిన్న రేకు డబ్బా. భజనలో తాళం వేసేవాడు తొందరపడితే పాటంతా తొందరపడినట్టు, ఈ పెట్టె జపాను తాళానికి బదులు మన టీవీల తాళానికి పరుగెత్తుతూ టేపు మీద రాసింది. అందుకే ఆ గీతలు ఒబ్బిడిగానే ఉన్నా, పక్కపక్కకు జరిగి ఇరుకుగా పడ్డాయి. సరైన తాళంతో చదివేవాడికి అవి అక్షరాలే కావు.

ఆ మడయన్‌ను ఇంకో నాలుగు మాటలు తిట్టబోయి, భూతద్దం దగ్గరికి జరుపుకున్నారు. అతుకు మీద ఎర్రటి చుక్క. గోళ్ళరంగు. అతికించిన ప్రతి కాలు మీద ఒక చుక్క గోళ్ళరంగు వేసి మూయడం నెల్లితోపు దుకాణంలో ఒక్కరికే అలవాటు. మా కాలేజీలో ఆ చుక్క చూస్తే ఇది మేడమ్ పని అని అటెండరు కూడా చెప్పేవాడు. అక్క కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"మడయన్ కాదు. నేనే" అన్నారు.

మాలతి పకపకా నవ్వింది. అక్కకూ నవ్వు ఆగలేదు. "ఆయన దాంట్లో మాట్లాడక ముందే ఒకసారి కిందపడి ఆగిపోయింది బ్బా. నాయన డ్రాయర్లో ఆ డబ్బానే ఉండింది, దాన్నే పెట్టినా. పని చేసింది గదా అని పొంగిపోయినా. కంపెనీ టేపు ఆ తర్వాత ఎప్పుడూ ఎక్కలా, ఉప్పుగాలికి పోయిందనుకున్నాం!" అన్నారు. పాడేటట్టే, కానీ తప్పుగా పాడేటట్టు చెడగొట్టిన వాళ్ళు లోకంలో ఎవరైనా ఉంటే అది మా గురువుగారే అని నేనన్నాను. నా వీపు మీద ఒక్కటిచ్చారు.

ప్రోగ్రాములో తాళం మార్చడం క్షణాల పని. టేపు ఎక్కింది. తెర మీద గుట్టలు లేచాయి, బొమ్మ నడక మొదలుపెట్టింది. "మాలూ, ఇట్ల చూడు. నాన్న. నాన్న అని చెప్పు. చెప్పు మ్మా" అని ఒక యువకుడి గొంతు. నడివయసు మాలతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని "నాన్నా" అంది. నేను తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాను, సిగ్గు లేకుండా ఏడ్చాను.

అలమేలక్క ఏడవలేదు. "ఇంత సన్నంగా ఉండేది కాదే ఆయన గొంతు" అన్నారు. తాళం లెక్క మళ్ళీ సరిచూశారు. సరిగ్గానే ఉంది. "పెట్టె అబద్ధం చెప్పదు. నేనే మరిచిపోయినా" అన్నారు. ఆమె ఓడిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ తర్వాత ఆ గొంతునే మళ్ళీ మళ్ళీ పెట్టుకుని, తన జ్ఞాపకాన్ని దానికి తగ్గట్టు దిద్దుకున్నారు. అదీ ఆమె ధైర్యం.

మర్నాడు గుంపుకు రాశారు. పెట్టె నాది, చెయ్యి నాది, తప్పు నాది, టేపుది ఏ తప్పూ లేదు అని. ప్రోగ్రాములో తాళం ఎంచుకునే చోట జపాను పక్కన పుదుచ్చేరి అని రెండోది చేర్చారు. తీసేయమని నేను సలహా ఇచ్చాను, లోకంలో ఇంకెవరికి పనికొస్తుందని. "తప్పు చేసింది ఒక్కర్తే అయితేనేమి, ఆ తప్పులో కూడా ఒకడు మాట్లాడినాడు గదా. తీసేస్తే వాడు యాడికి పోతాడు?" అన్నారు. అది నేటికీ అక్కడే ఉంది. ఎమ్యులేషన్ అనే విద్యకు ఇంతకంటె ఉదాత్తమైన నిర్వచనం నేనెక్కడా వినలేదు. యంత్రాన్ని ఉన్నదున్నట్టు, చెడిందీ మనదే అని ఒప్పుకుని, నిలబెట్టడం.

అలాంటి ఆచార్యురాలు మాకు మళ్ళీ దొరకరు. ఆ బల్ల ఇప్పుడు ఖాళీగా ఉంది. నాది అని చెప్పుకోవడానికి నాకు నోరు రావడం లేదు.

కర్మలు ముగిశాక నిన్న మాలతి షెడ్డుకు వచ్చి, ఆ టేపు పెట్టమంది. బొమ్మ వాళ్ళ నాన్న గుట్టలన్నీ ఎక్కి దిగింది. అన్నిటికీ చివర, తెర అంచున ఒక చిన్న గట్టు కనిపించింది. "ఇదేంది మామా? మైకు రొదా?" అంది మాలతి. అన్నాళ్ళూ మేం ఆయన మాట కాగానే ఆపేసేవాళ్ళం, అంతవరకు వెళ్ళనే లేదు. చప్పుడు పెంచి బొమ్మను ముందుకు నడిపాం. మైకుకు దూరంగా, మీట మీద వేలు పెట్టి నిలబడిన ఒక పడుచు గొంతు, తిరుగులేని నమ్మకంతో రెండే మాటలు పలికింది.

"చాలు. పడింది."

మాలతి బొమ్మను ఆ గట్టు మీదే నిలిపేసింది. టేపు మీద పడింది, నిజమే. చాలలేదక్కా.