అర అంగుళం పానా

హార్డ్‌వేర్ దుకాణంలో రెండు పెట్టెలు తీసి నా ముందు పెట్టారు. ఒకటి ప్లాస్టిక్ డబ్బా. లోపల పానాలు తళతళ మెరుస్తున్నాయి. ఇంకోటి ఇనుప పెట్టె. అందులోవి అంతగా మెరవవు గానీ చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది.

"దీనికి జిందగీ గ్యారంటీ సార్," అన్నాడు దుకాణదారు ఇనుప పెట్టె మీద తట్టి.

"ఎవరి జిందగీ? పానాదా, నాదా?"

అతను నవ్వి, నా తెల్ల జుట్టు చూసి, ప్లాస్టిక్ డబ్బా ముందుకు జరిపాడు. "ఒక్క కారుకే అయితే గీ అగ్గువది సాలు సార్. రోజూ చేస్తరా ఏంది?"

అగ్గువదే తీసుకున్నాను.

నిజామాబాద్‌లో మా ఇంటి పక్కన రేకుల షెడ్డు కింద పాత అంబాసిడర్ ఉంది. నా భార్య పోయాక చాలాకాలం దాని తలుపు తీయలేదు. ఈ వానాకాలం తీసి చూస్తే ముందు సీటు కింద రేకు తుప్పు పట్టి, చిల్లులోంచి గచ్చు కనబడుతోంది. అతుకు వేయాలంటే సీటు బయటికి రావాలి. పాడైతే పాడైందని ఇంకో సీటు వేయించుకోవచ్చు. కానీ ఆ సీటు తొడుగు ఆమె కుట్టింది. జారిపోయే తొడుగులంటే ఆమెకు చిరాకు. గంజ్ మార్కెట్‌లో పసుపు బస్తాలు కుట్టే దబ్బనం, సుతిలి తాడు తెప్పించుకుని, నీలం చారల దుప్పటిని సీటుకే పట్టి కుట్టేసింది. ఇప్పుడు దాన్ని తీయాలంటే కోయడమే.

మూడు బోల్టులు మొరాయించకుండా వచ్చాయి. నాలుగోది, ఎడమ వైపు ఆమె కూర్చునే చోటు కిందది, కదల్లేదు. బలంగా లాగితే పానా జారి నా వేళ్లు గీరుకుపోయాయి. బోల్టు తల అంచులు అరిగాయి.

వీధి చివరి మెకానిక్ వచ్చి వంగి చూశాడు. "గ్రైండర్‌తోని కోసేస్త సార్. ఎంత సేపు?"

"నిప్పురవ్వలు పడవా?"

"పడ్తయి. కవర్ కాల్తది. పాతదే గద, పారెయ్యరాదు?"

వద్దన్నాను. వెళ్లి ఇనుప పెట్టె కూడా కొన్నాను. ఆ పానా కూడా కొద్దిగా పట్టి, జారింది. ఇంకోసారి జారితే ఇక పట్టు దొరకదు.

అప్పుడు స్టీలు స్కేలు పెట్టి కొలిచాను. ఉద్యోగమంతా పత్రిక డెస్కులో వార్తలను సెంటీమీటర్లలో కొలిచి కోసినవాణ్ణి. బోల్టు కూడా ఆ లెక్కలోనే ఉంటుందనుకున్నాను. కారు పాతకాలపుది, దాని బోల్టు తల అర అంగుళం. పదమూడు మిల్లీమీటర్ల పానా దానికి సరిపోయినట్టే కనబడుతుంది, వెంట్రుక మందం వదులు. అగ్గువదా, పిరందా అని నాలో నేను అంతగా తర్కించుకున్నాను. రెండు పెట్టెలూ ఒకే తప్పు కొలత.

"అంగుళాల పానాలు ఇప్పుడేడియి సార్," అన్నాడు దుకాణదారు. "బోధన్ పోండ్రి. చక్కెర ఫ్యాక్టరీల పనిచేసినోళ్ల ఇండ్లల్ల ఉంటయి."

బస్సులో వెళ్లాను. ఒకప్పుడు చెరకు కనబడిన చోట ఎక్కువగా వరి కనబడింది. మూతపడ్డ ఫ్యాక్టరీకి దగ్గర్లో చాయ్ దుకాణంలో అడిగితే, ఒక ఫిట్టర్ ఇల్లు చూపించారు. ఫిట్టర్ లేడు, అతని భార్య, ఒక అవ్వ ఉంది. మంచం కిందినుంచి చెక్కపెట్టె లాగింది. పానాలన్నీ నూనె గుడ్డలో చుట్టి, తుప్పు చుక్క లేకుండా ఉన్నాయి. అర అంగుళానిది తీసి, ఎంతకిస్తావని అడిగాను.

"అమ్మేది లేదు," అంది. "తీస్కపో, పనైనంక తెచ్చియ్యి."

"నన్ను ఎరగవు గదా అవ్వా. తేకుంటే?"

"తేకుంటే నీ బోల్టు మళ్ల ఊడ్తది." పళ్లు లేని నోటితో నవ్వింది. తర్వాత గుడ్డ మడుస్తూ, "ఆయన పోయినంక దీనికేం పని? నూనె రుద్దుడు నా పనైంది," అంది.

పానా సంచిలో పెట్టుకుని వచ్చాను.

మర్నాడు పొద్దున్నే బోల్టుకు కిరసనాయిలు పోసి, నాననిచ్చి, పానా తొడిగాను. మిగిలిన కాస్త అంచునూ గట్టిగా కరుచుకుంది. మెల్లగా లాగాను. కిర్రుమని తిరిగింది. దుప్పటి మీద గీత కూడా పడలేదు.

సంబరంగా సీటు ఎత్తబోయాను. ఒక కొస లేస్తే రెండో కొస ఇరుక్కుంటోంది. బండి అంత వెడల్పు సీటు అది. ఆమె కుట్టడం అయిపోయిన రోజు రెండో కొస పట్టుకుని లోపల పెట్టించింది కూడా ఆమే. ఇన్ని రోజులుగా పానాల గురించి ఆలోచించాను గానీ దీని గురించి ఆలోచించలేదు. ఊడిన సీటు మీదే కూర్చున్నాను. అది నా బరువుకు ఒక పక్కకు ఊగింది.

చాలాసేపటికి లేచి గేటు దాకా వెళ్లాను. పాలు పోసి వెళ్లిపోతున్న అతన్ని పిలిచాను. రోజూ గిన్నె గోడ మీద పెట్టి లోపలికి వెళ్లిపోవడమే గానీ అతనితో మాట్లాడింది లేదు.

"అన్నా, జర చెయ్యేస్తవా?"

అతను బండి స్టాండు వేసి వచ్చి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "ఏ దిక్కు పట్టాలె సార్?"

స్టీరింగు వైపు చూపించాను. ఎడమ వైపుకు నేను పోయాను.