తీరిక లేక కొన్నానట

శుక్రవారం మా ఆడపడుచు కూతురి పెళ్ళి. చర్చిలో పెళ్ళికూతురు వెనక గోడకు కట్టే కాగితపు పువ్వులు నేనూ, నా తోడికోడలు సునీతా చెరిసగం చేస్తామన్నాం. నేను స్కేలు పెట్టి కొలిచి, ప్రతి మడతా గోటితో నొక్కి చేశాను. సునీత టీవీ చూస్తూ మడిచింది. ఒక రేకుకీ ఇంకో రేకుకీ పొంతన లేదు.

ఈ రోజు రెండు సంచులూ అమలాపురం తీసుకెళ్ళి ఇచ్చాం. సునీత పువ్వుల్నే చూసి ఆడపడుచు మురిసిపోయింది.

"చేత్తో చేసినట్టు ఎంత తెలుస్తున్నాయో. గోడకి ఇవే కడదాం. మీరు తీరిక లేక కొనేసేరా వదినగారూ?"

"నేనే చేశానమ్మా."

"అయ్యో, అచ్చం బజారువిలా ఉన్నాయండీ. భోజనాల దగ్గర కడదాం లెండి."

"ఆయ్, అక్కది చెయ్యి కాదండీ, మిషను" అంది సునీత.

నవ్వాను గానీ, దారంతా ఆ వంకర రేకులే కళ్ళలో మెదిలాయి. పెళ్ళి ఫొటోలన్నిటిలో అవే ఉంటాయి. నావి సాంబారు బకెట్ల పక్కన ఉంటాయి.

ఇంటికొచ్చి టీవీ పెట్టుకుని, చేతిలోకి చూడకుండా ఒకటి మడిచాను. అదీ తిన్నగానే వచ్చింది.

వంకరగా మడవడం తెలిసినవాళ్ళుంటే కాస్త చెప్పండి. పెళ్ళికింకా రెండు రోజులున్నాయి.