రంగం పోలేని అప్పలనరసింహం

స్కూల్ ఫైనల్ ప్యాసైన ఏడాది, 1926లో, నర్సీపట్నంలో ముగ్గురు స్నేహితులు ఒకే మాట మీద ఉన్నారు: రంగం పోవాలి. రంగూన్‌ను ఆ వైపు అందరూ రంగమనే అనేవారు. అప్పలనరసింహం ఎలిమెంటరీ బడి మేష్టారి కొడుకు, తెలుగువాడు. సోమసుందరం తండ్రి తాలూకా కచేరీలో పనిచేసే అరవాయన. లోకనాథ పట్నాయక్‌ది ఒరియా ఇల్లు. కచేరీలో ఒక్క గుమస్తా పని ఖాళీ అయితే సగం ఊరు వరండాలో నిలబడే రోజులవి.

ఆ వేసవిలో సోమసుందరం మేనమామ సెలవు మీద వచ్చాడు. రంగంలో బియ్యం మిల్లు కంపెనీకి ఆయన హెడ్ గుమస్తా. ముగ్గురూ తలలు దువ్వుకుని ఆయన ముందు కూర్చున్నారు. ఇంగ్లీషులో అప్పలనరసింహాన్ని మించినవాడు బళ్ళో లేడు. ఆయన చెప్పింది తప్పులేకుండా రాసిచ్చాడు.

"బాగా రాశావు నాయనా," అన్నాడాయన. "కానీ అక్కడ తెలుగువాడంటే మూటలు మోసేవాడనే లెక్క. కుర్చీలో కూర్చోబెడితే దొరలు నవ్వుతారు. నీ తెలుగు అక్కడ దేనికి పనికొస్తుంది?"

మేనల్లుణ్ణి వెంటబెట్టుకుపోయాడు. పట్నాయక్‌ను తండ్రి జయపురం సంస్థానంలో కుదిర్చాడు. మిగిలింది అప్పలనరసింహం ఒక్కడే.

అతనికి పంతం వచ్చింది. తునిలో స్నేహితుడి పెళ్ళని తల్లి వర్ధనమ్మకు చెప్పి విశాఖపట్నం రేవుకి వెళ్ళాడు. కూలీల ముఠాతో ఓడెక్కితే చాలు, దిగాక తన దారి తాను చూసుకోవచ్చనుకున్నాడు. ముఠా మేస్త్రీ ఎల్లాజీ అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఏటి బాబూ, సదువుకున్నావా?"

"స్కూల్ ఫైనల్. అయినా మూటలు మోస్తానండీ."

"మొయ్యలేవని కాదు. కాయితం సదవగలవు నువ్వు. రేపు నా కూలోళ్లకి కాంట్రాక్టు సదివి ఇనిపిస్తావు. నాకెందుకా గొడవ? బేగి ఇంటికెల్లిపో."

"నేనెవరికీ ఏమీ చదవనండీ!"

ఆ మాట అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. ఎల్లాజీ అప్పటికే ఇంకొకడి భుజాలు తడిమి చూస్తున్నాడు. తెలుగువాడివని ఒకరు, చదువుకున్నావని ఒకరు. ఓడ కదిలేదాకా ఇసుకలో నిలబడి, పళ్ళు కొరుక్కుంటూ చూశాడు.

తిరిగొచ్చి తండ్రి బళ్ళోనే చేరాడు. అయినదానికీ కానిదానికీ పిల్లల మీద విసుక్కునేవాడు.

రెండేళ్ల తర్వాత సోమసుందరం సెలవు మీద వచ్చాడు. కాళ్ళకు కొత్త బూట్లు, చేతికి గడియారం. ఇద్దరూ బలిఘట్టం దారిలో నడుస్తుంటే ఉత్సాహంగా చెప్పుకుపోయాడు.

"మిల్లులో కూలీలంతా మనవైపువాళ్లేరా. వాళ్ల మాట దొరలకి బోధపడదు. నాకు ఈ ఊరి తెలుగు వచ్చు కదా, దుబాసీగా వేసి జీతం పెంచారు."

అప్పలనరసింహం ఆగిపోయాడు. "తెలుగుతోనా?"

"తెలుగుతోనే."

"మరి నన్నెందుకు పిలవలేదురా?"

సోమసుందరం తల దించుకున్నాడు. "ఉన్నది ఒక్క కుర్చీరా. నిన్ను పిలిస్తే నాకుండదు."

వాడు అబద్ధమాడినా బాగుండేది, తను తిట్టి ఊరుకునేవాడు. అప్పలనరసింహం ఒక్కడే వెనక్కి తిరిగాడు.

సోమసుందరం బండెక్కిన పొద్దున వీధంతా సాగనంపడానికి వచ్చింది. అప్పలనరసింహం రాలేదు. బళ్ళో మూడో తరగతి చేత ఎక్కాలు చెప్పిస్తున్నాడు, గొంతు బొంగురుపోయేలా అరుస్తూ.