మేకు దొరకని పంచరు

నిన్న సోమవారం. పది దాటినా దానం అన్న రాలేదు.

ఫోన్ మోగితే ఆయనే అనుకున్నా.

"ఏందన్నా, తొవ్వల ఎవరి కోసం ప్రార్థన చేస్తున్నవ్?" అన్నాను.

అవతల వదిన.

"మీ అన్న పోయిండు, సలీం భాయ్."

పొద్దున టీ తాగుతూ పక్కకు ఒరిగాడట. దవాఖానాకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

చేతిలో స్పానర్ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. పాస్టర్ దైవదానం గారు. టేకులపల్లిలో మా వీధి చివరి చర్చి ఆయనదే. అడవి లోపలి నాలుగు ఊళ్లకు కూడా ఆయనే వెళ్లి ప్రార్థన చేసి వచ్చేవాడు. నేను బైక్ మెకానిక్‌ని. ఆయనది ఆదివారం, నాది శుక్రవారం. మా ఇద్దరినీ కలిపింది ఒక టైరు.

ఆరేళ్ల కింద ఒక సోమవారం చెమటలు కక్కుతూ బండి తోసుకొచ్చాడు. వెనక టైరు ఫ్లాట్. ట్యూబ్ తీసి నీళ్ల టబ్‌లో ముంచాను. ఒక్క బుడగ రాలేదు. మేకు లేదు, ముల్లు లేదు. గాలి కొట్టి పంపించాను.

మళ్లీ సోమవారం అదే కథ.

ఆ పై సోమవారమూ అదే.

ఇరవై ఏళ్ల సర్వీసులో నాకు దొరకని పంచరు అదొక్కటే. పరువు పోయినట్టు అనిపించింది.

ఆ గురువారం వదిన కూరగాయల సంచితో షాపుకు వచ్చింది. చుట్టూ చూసి మెల్లగా చెప్పింది.

"పంచరు కోసం ఎతకకు భాయ్. గాలి నేనే తీస్తున్న."

డాక్టర్ బీపీ బాగా ఎక్కువుందన్నాడట. వారానికి ఒక్క రోజైనా రెస్ట్ తీసుకోమన్నాడట. కానీ పాస్టర్‌కి రెస్ట్ ఎక్కడిది? ఇంట్లో ఉంటే ఫోన్. ఫోన్ లేకపోతే గేటు దగ్గర మనిషి. ఒకరింట్లో భార్యాభర్తల గొడవ, ఇంకొకరింట్లో కొడుకు తాగుడు. పైగా తనకు బీపీ అని సంఘంలో తెలిస్తే, అయ్యగారికే ఇట్లయితే ఇక మన గతేంటి అనుకుంటారని ఆయన భయం.

"బండి కదలకపోతేనే ఆ మనిషి ఆగుతడు. ఫోన్ నేను ఛార్జింగ్ అని చెప్పి ఉంచుకుంట," అంది వదిన. "నువ్వు మాత్రం జల్దీ చేసియ్యకు. రెండు గంటలు పట్టియ్యి."

బండి లేటుగా ఇయ్యమని అడిగిన కస్టమర్‌ని నేను జన్మలో చూడలేదు.

అట్లా మొదలైంది మా సోమవారం. అన్న పాత టైరు మీద కూర్చునేవాడు. పక్క హోటల్ నుంచి చాయ్ వచ్చేది. లేని పంచరు కోసం నేను సీరియస్‌గా వెతికేవాణ్ని.

"నాకు వందనాలు పెట్టనోడివి నువ్వొక్కడివే సలీం," అని నవ్వేవాడు.

ఒక్క సోమవారం మాత్రం నవ్వలేదు.

"నాకీ పని నేర్పు సలీం. పాస్టర్ పని ఇడిసిపెడ్త," అన్నాడు.

బిడ్డ కాలేజీ ఫంక్షన్‌లో డ్యాన్స్ చేస్తానంది. పాస్టర్ బిడ్డ స్టేజీ ఎక్కి ఎగురుతుందా అని సంఘ పెద్దలు కబురు పెట్టారు. ఈయన వద్దన్నాడు. నాలుగు రోజులుగా బిడ్డ మాట్లాడటం లేదు.

"ఊరోళ్లందరు వాళ్ల బాధలు నాకు చెప్తరు. నాది ఎవరికి చెప్పుకోవాలె? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తది."

ఒక నిజం పంచరు ట్యూబ్, ప్యాచ్ చేతిలో పెట్టాను. గంటసేపు కష్టపడి అతికించాడు. గాలి కొడితే బుస్సుమని మొత్తం పోయింది.

"అన్నా, నీకు ఈ పని రాదు. ప్రసంగాలే చెప్పుకో. బిడ్డ డ్యాన్స్‌కి మాత్రం పోయి ముందు కూసో," అన్నాను.

పోయాడు. ముందు వరసలోనే కూర్చున్నాడట.

తర్వాతి సోమవారం వచ్చి, బిడ్డ వేసిన స్టెప్ నా షాపులో వేసి చూపించాడు. చేతులు అటు, నడుము ఇటు. సరిగ్గా అప్పుడే వాళ్ల చర్చికి వచ్చే ఒకామె స్కూటీ తోసుకుంటూ వచ్చింది.

"అయ్యగారూ, ఏమైంది?"

"కాలు తిమ్మిరెక్కిందమ్మా," అన్నాడు అన్న, మొహంలో ఏ మార్పూ లేకుండా.

పాపం ఆమె అక్కడే నిలబడి ఆ కాలు కోసం ప్రార్థన చేసింది. ఈయన బుద్ధిగా కళ్లు మూసుకున్నాడు. నేను నవ్వు ఆపుకోలేక టైర్ల వెనక దాక్కున్నాను.

ఇవాళ మధ్యాహ్నం భూస్థాపన అయింది. అందరూ కదిలాక వదిన దగ్గరికి పోయాను.

"ఆరేండ్లు అన్నకు అబద్ధం చెప్పిన వదినా. అదే మనసుల ఉండిపోయింది."

ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఆయనకు తెల్సు భాయ్. పోయిన వానాకాలం నాకు జరమొచ్చి లేవలేదు. ఆ సోమవారం కిటికీలకెల్లి చూసిన. ఆయనే వంగి టైరుల గాలి తీస్తుండు."

"మరి నువ్వేమన్నవ్?"

"లోపలికొచ్చి 'మళ్ల పంచరైంది' అన్నడు. 'అయ్యో, సలీం భాయ్ దగ్గరికి పోండి' అన్న."

సమాధి దగ్గర నిలబడి ఇద్దరం నవ్వాం. జనం తిరిగి చూశారు. చూడనీ.

దానం అన్నా, నువ్వు పోయిన చోట ఎవరూ నిన్ను అయ్యగారూ అని లేపొద్దు. పైవాడు నీకు ఒక మంచి జాగా చూపించాలి, చాయ్ పోయాలి.

జల్దీ ఏం లేదు. నిమ్మళంగా కూసో.