దోసిలి పట్టినవాళ్లకే నీళ్లు

నాలుగేళ్ల కిందటి వేసవిలో కాసిపేట అడవికి పోవలసి వచ్చింది మా ఆయన కోసం. గోదావరిఖనిలో అప్పుడప్పుడే గనులు తెరుస్తున్న రోజులు. బొగ్గు ఎక్కడుందో చూడటానికి బోర్లు వేసే ఒక కాంట్రాక్టరు దగ్గర ఆయనకు పని దొరికింది. బొగ్గు పడితే పర్మినెంటు చేయిస్తామన్నారట. నెల దాటినా ఇంటికి రాకపోయేసరికి, అత్తమ్మ ఉతికిన బట్టలు మూటగట్టి నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది.

రామగుండంలో పొద్దుటి ప్యాసింజరు ఎక్కితే గోదావరి వంతెన దాటి మంచిర్యాలలో దిగవచ్చు. అక్కడినుంచి బెల్లంపల్లి బస్సు. కాసిపేట దారి దగ్గర దిగాక ఎడ్లబండే గతి. రైలుకూ బస్సుకూ కలిపి అయినదానికంటే బండికే ఎక్కువైంది. బండి తోలే ఆయన, బోరు మిషను ఆగిపోయిందనీ, గోండు ఆడవాళ్లు నీళ్లు బందు పెట్టారనీ దారిలోనే చెప్పాడు.

నేలను తొలుస్తున్నంతసేపూ ఆ మిషనుకు నీళ్లు పోస్తూనే ఉండాలట. పక్క వాగు ఎండిపోయి, ఇసుకలో తోడుకున్న చెలిమ ఒక్కటే మిగిలింది. గూడెం మొత్తానికీ పశువులకూ అదే ఆధారం. దూపతో వచ్చినవాడు పగవాడైనా నీళ్లు లేవనకూడదని ఆ గూడెం కట్టుబాటు. అది తెలుసుకున్న పనివాళ్లు, తాగడానికని చెప్పి డ్రమ్ములు నింపుకుపోయి మిషనులో పోశారు. సంగతి బయటపడ్డాక ఆడవాళ్లు పాత్రలలో పోయడం మానేశారు.

మేము చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఆడవాళ్లు అడిగితే కాదనరని, పని చేయించే మేస్త్రీ మా చేతికే బిందె ఇచ్చి పంపాడు. చెలిమ దగ్గర మారుబాయి అనే పెద్దావిడ, మరో నలుగురు కూర్చుని ఉన్నారు. అత్తమ్మే అడిగింది.

"బిందె పక్కకు వెట్టి దోసిలి పట్టుండ్రి" అంది మారుబాయి. "దూపకు ఎంతైనా పోస్తం. మిషినికి సుక్క పొయ్యం. బొగ్గుబాయి తవ్వితే ఈ ఊటంత అండ్లకే పోతది. మేమేం తాగాలె?"

తాగి, ఖాళీ బిందెతో తిరిగొచ్చాం. "ఏందమ్మా, మీరు గూడ గోండోళ్లల్ల కలిసిండ్రా?" అని మేస్త్రీ నవ్వాడు.

ఆ రాత్రి గుడారంలోనే ఉన్నాం. మర్నాడు మిషను కోసం నీళ్ల ట్యాంకుతో లారీ వచ్చింది. గూడెం మగవాళ్లు బోరు ఆపమని దరఖాస్తు ఇవ్వడానికి మంచిర్యాల కచ్చేరీకి పోయారు. ఆ ఐదుగురు ఆడవాళ్లే దారికి అడ్డంగా కూర్చున్నారు. ఎండ ముదిరినా కదల్లేదు.

అప్పుడు మేస్త్రీ పనివాళ్లను వాళ్ల ముందు వరసగా నిలబెట్టాడు. ఒక్కొక్కరూ దోసిలి పట్టి, "అవ్వా, దూపైతంది" అన్నారు. ఆ వరసలో మా ఆయన కూడా ఉన్నాడు. మారుబాయి వాళ్ల ముఖాలు చూసింది. దూప అబద్ధం కాదు, అందరి పెదవులూ ఎండి పగిలి ఉన్నాయి. ఆమె లేచింది. మిగతావాళ్లూ ముంతలు పట్టుకుని వెంట నడిచారు. వాళ్లు వాగులోకి దిగగానే లారీ కదిలింది. ఆ చప్పుడుకు మారుబాయి తల తిప్పి చూసింది. అయినా మా ఆయన దోసిట్లో పోస్తున్న ముంతను ఆపలేదు.

ఆయన తిరిగొచ్చాక, "కడుపు నిండ తాగినవా బిడ్డా?" అని మాత్రం అడిగింది అత్తమ్మ.

బొగ్గు పడింది. ఆయన పర్మినెంటయ్యాడు. ఆ జీతంతోనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. అక్కడ గని తెరిచాక చెలిమలో ఊట ఆగిపోయింది. గోండులు అమాయకులు, అందుకే మోసపోయారని క్వార్టర్లలో అంటుంటారు. తెలియక లేచారని నేను అనుకోను. మారుబాయికి ముందే తెలుసు, ఆమె ముఖం చూశాను. వాళ్ల కట్టుబాటును వాళ్లు తప్పలేదు. దాన్ని పనిముట్టుగా వాడుకున్నది మనవాళ్లే.

ఆ వైపు పోయేవాళ్లకు ఒక మాట. మంచిర్యాలలో బస్సెక్కే ముందే తాగే నీళ్లు నింపుకోండి. గూడెంలో అడగకండి. ఎంత దూరం నుంచి మోసుకొచ్చుకున్నవైనా, వాళ్లు ఇప్పటికీ లేవనరు.