ఇత్తడి మొన బాణం, పైపు అమ్ములపొది

ఒక అరటి బోదె చేతిలో ఓడిపోయిన కుటుంబం మాది. ఆ బోదె పారిపోలేదు, ఎదురుతిరగలేదు, పాతిన చోట నిలబడింది, అంతే. మమ్మల్ని ఓడించింది నిజానికి నేను. ఎలాగో చెప్తాను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నా నవ్వు మాత్రం ఇరవై ఏళ్లుగా సగంలోనే ఆగిపోతోంది.

సర్జాపురలో మాది పాత నేతగాళ్ల ఇల్లు. విజయదశమి సాయంత్రం మా వీధి దేవుడు వేటకు బయలుదేరతాడు. వేట అనగానే కంగారు పడకండి. ఊరి చివర మైదానంలో ఒక అరటి బోదెను పాతుతారు. దేవుడి తరఫున ఒక మనిషి దానికి బాణం వేస్తాడు. బాణాన్ని మేము అంబు అంటాం. అంబు బోదెలో దిగితే వేట ముగిసినట్టే, బన్ని ఆకులు, అంటే జమ్మి ఆకులు, పంచుకుని ఇళ్లకు పోవచ్చు. రెండో బాణం వేసే పద్ధతి లేదు. తప్పిపోతే మరుసటి ఏటి నుంచి ఆ విల్లు వేరే ఇంటికి వెళ్లిపోతుంది.

ముప్పై ఏళ్లుగా ఆ విల్లు మా పెద్దనాయన చేతిలో ఉంది. మా నాయన నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఆయనే. మేము ఓడిపోయిన ఏడు ఎండాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. మనిషి లేచి తిరిగాడు కానీ కుడి చేతిలో పట్టు సగమే మిగిలింది. మానుకొమ్మని అందరూ చెప్పారు. ఆయన వినలేదు.

"ఈ ఒక్క తూరి వేసేస్తానప్పా," అన్నాడు నాతో. "ఆమీద పదిమందిలో విల్లు నీ చేతిలో పెడతాను. అది మనింట్లోనే ఉండాల. ఇంగ నాకేం వద్దు."

ఆయనకు సాయం చేయాలనుకున్నాను. నా బతుకులో నేను చేసిన నష్టాలన్నీ ఇలాంటి మంచి ఉద్దేశాలతో మొదలైనవే.

అప్పట్లో నేను హెబ్బగోడిలో ఒక చిన్న మెషిన్ షాపులో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. మందాలు కొలిచే వెర్నియర్ చేతికొచ్చిన కొత్త. ఎదుట ఏది కనిపించినా కొలిచేవాణ్ణి. ఒక పొద్దున హోటల్లో రెండు ఇడ్లీల మందం వేరుగా ఉందని తేల్చి, సర్వర్‌తో తగువు పెట్టుకుని, ఆకలితోనే డ్యూటీకి పోయాను. అలాంటివాడు ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని బాణాల గురించి వెతికితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

అందులో ఎక్కడెక్కడి దేశాల వేటగాళ్లు తెగ వాదించుకుంటున్నారు. తేలిక బాణం జోరుగా పోతుంది, బరువు బాణం లోతుగా దిగుతుందట. మొన దగ్గర బరువు ఉంటే ఎముకైనా ఆపలేదట. అమ్ములపొది నడుముకు కట్టుకుంటే నడకకు అడ్డమట, వీపున కట్టుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయట. అడవిదున్నను పడగొట్టే బాణం బరువెంతో కాగితం మీద రాసుకున్నాను. మా జంతువు అరటి బోదె అని ఆ వేటగాళ్లకు తెలియదు. నాకు తెలుసు కానీ ఆ సమయంలో గుర్తు రాలేదు.

మధ్యాహ్నం భోజనం మానేసి లేత్ మీద ఇత్తడి మొన తిప్పించాను. అల్యూమినియం గొట్టానికి బిగించాను. తూకం వేస్తే పెద్దనాయన వెదురు బాణాలకు మూడింతలు తూగింది. ప్లాస్టిక్ పైపు కోసి, పైన నల్ల రెక్సిన్ అంటించి, అడుగున స్పాంజ్ కూరి, వీపుకు తగిలించుకునే అమ్ములపొది చేశాను. పండగ ముందు ఆదివారం రెండూ పట్టుకుని ఇంటికి పోయాను.

పెద్దనాయన బాణాన్ని అరచేతిలో అటూ ఇటూ ఊపాడు. "ఏమప్పా ఇది, గడ్డపారా?"

"బరువుంటేనే లోపలికి దిగుతాది పెద్దనాయనా. అడవిదున్న కూడా పడిపోతాదంట."

"మనూర్లో అడవిదున్న యాడుండాది?"

"మాటకు చెప్తాండా."

పెరట్లో వేసి చూపించాను. మూడు బారల దూరంలో ఉన్న తవుడు మూటలోకి బాణం ఈకల దాకా దూరిపోయింది. నా ఛాతీ పొంగింది. పెద్దనాయన మాత్రం మూట వైపు చూడలేదు, నా భుజం వైపు చూశాడు. అది ఎందుకో ఆ రోజు నాకు తట్టలేదు. పరీక్ష చేసింది ఇరవై ఆరేళ్ల చేతులతో, వేయాల్సింది పక్షవాతం వచ్చిన చేతులతో. ఇడ్లీలు కొలిచినవాణ్ణి ఇది కొలవలేదు.

"నా అంబులు రెండుండాయి, అవీ పెట్టు," అన్నాడు ఆయన. "నాదే వేస్తాను. నీది ఊరికే చూసేదానికి ఉండనీ."

"పొది మాత్రం నాదే కట్టుకోవాల."

ఆయన ఎప్పుడూ నడుముకు కట్టుకునే పాత బెత్తపు పొది గోడకు వేలాడుతోంది. ఒకసారి దాని వైపు చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. "సరే కానీ. ముచ్చటపడి చేసినావు," అన్నాడు.

విజయదశమి సాయంత్రం మబ్బు పట్టింది. దేవుడు గుర్రం వాహనం మీద మైదానానికి వచ్చాడు. పెద్దనాయన పట్టుపంచ కట్టుకుని, వీపున నల్ల పైపుతో, గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చే మనిషిలా నిలబడ్డాడు. పక్కన మునివెంకటప్ప ఉన్నాడు. మా బాణం తప్పితే విల్లు వాళ్లింటికే పోవాలి.

"అదేమప్పా వీపున?" అని అడిగాడు.

"మావాడు చేసినాడు," అన్నాడు పెద్దనాయన. ఆ గొంతులో గర్వం ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తుకోబుద్ధి కాదు.

పూజారి విల్లు అందించాడు. విల్లు అందుకున్న మనిషి దేవుడి ముందు నేలకు వంగి దండం పెట్టాలి. ముప్పై ఏళ్లుగా ఆయన అలాగే వంగుతున్నాడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. పొదిని వీపున కట్టుకున్న మనిషి వంగితే ఏమవుతుందో మాత్రం ఒక్క నిమిషం ఆలోచించలేదు.

పెద్దనాయన వంగాడు. వెదురు బాణాలు రెండూ ఆయన తల మీదుగా జారి, ఆయనకంటే ముందే దేవుడికి సాష్టాంగపడ్డాయి.

డోలు ఆగిపోయింది. పూజారి మెల్లగా, "నేల తాకిన అంబు పనికిరాదప్పా," అన్నాడు.

"ఇంగొకటి ఉండాది," అన్నాను నేను. నా ఇత్తడి మొన స్పాంజ్‌లో ఇరుక్కుని పైపులోనే ఉంది. దాన్ని లాగాను, రాలేదు. మునివెంకటప్ప పైపు పట్టుకున్నాడు, నేను బాణం పట్టుకున్నాను. మధ్యలో పెద్దనాయన కాసేపు ముందుకూ వెనక్కూ ఊగాడు. జనంలో ఎవరో నవ్వారు. చివరికి చిన్న స్పాంజ్ ముక్కతో సహా బాణం బయటికొచ్చింది.

"వద్దులే పెద్దనాయనా," అన్నాను.

"పట్టినాంక దించకూడదు," అని ఆయన నారి లాగాడు. చెయ్యి చెవి దాకా పోలేదు. ఛాతీ దగ్గరే ఆగిపోయింది. వదిలాడు.

బాణం తొందరేమీ పడలేదు. సగం దూరం పోయి, ముక్కు వంచి, తడి మట్టిలో దిగింది. లోతుగానే దిగింది. ఆ విషయంలో వేటగాళ్లు అబద్ధం చెప్పలేదు.

పూజారి దేవుడి చేతిలోని అంబు తీసుకుని, నడిచి వెళ్లి, తన చేత్తోనే బోదెలో గుచ్చి వేట అయిందనిపించాడు. పెద్దనాయన విల్లును కళ్లకద్దుకుని మునివెంకటప్ప చేతిలో పెట్టాడు. అతను తీసుకోవడానికి మొహమాటపడ్డాడు. "తీసుకోప్పా, పద్ధతి," అన్నాడు పెద్దనాయన.

ఇద్దరం ఇంటికి నడిచాం. సగం దారిలో ఆయనే నా భుజం మీద చెయ్యి వేశాడు. "బేజారు పడొద్దు. నీ అంబు బాగుండాది. అడవిదున్న వచ్చింటే చచ్చేది."

నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. ఇంటికి చేరాక గోడ వైపు తిరిగి పడుకున్నాడు, అన్నానికి లేవలేదు. ఉగాది రాకముందే పోయాడు.

కర్మలయ్యాక అటక సర్దుతుంటే ఒక బాణాల కట్ట దొరికింది. ప్రతి ఏడూ బోదెలో దిగిన అంబును ఆయన ఇంటికి తెచ్చి దాచుకునేవాడు. అలవాటు చావక షాపుకు తీసుకెళ్లి ఒక్కొక్కటీ తూచాను. మొదటివన్నీ ఇంచుమించు ఒకే బరువు. తర్వాత ఏటేటా కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చాయి. ఎక్కడెక్కడ గాజుపెంకుతో గీకాడో ఆ గీతలు కనిపిస్తున్నాయి. చివరికి, ఆ సాయంత్రం మట్టిలోంచి నేను ఏరుకొచ్చి దాచిన వెదురు అంబులు రెండూ తూచాను. అన్నిటికంటే తేలిక అవే. చేతిలో ఉన్నట్టే లేవు. మిగిలిన ఆ సగం పట్టుకు సరిపోయేలా, పక్షవాతం చేత్తోనే గీకి పెట్టుకున్నాడు. బాణం బరువు చూసుకోవడం ఆ ఇంట్లో ఒక్కడికే తెలుసు, అది నేను కాదు.

మరుసటి దసరాకు మునివెంకటప్ప మా ఇంటికి వచ్చి, ఆ పాత బెత్తపు పొది ఇస్తావా అని అడిగాడు. ఇచ్చాను. నా పైపు కూడా కావాలా అని అడిగాను. వద్దన్నాడు.

కాబట్టి అగ్ని సాక్షిగా, వెర్నియర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో ఎవరి చేతి బలాన్నీ నా చేత్తో తూచను. మరో సంగతి, ఇది అలవాటైపోయింది. ఏ గుడికి పోయినా దండం పెట్టడానికి వంగే ముందు, ఒకసారి చెయ్యి వెనక్కి పోనిచ్చి నా వీపు తడుముకుంటాను. అక్కడ ఏమీ ఉండదు. అయినా తడుముకునే వంగుతాను.