మావయ్య అయిదున్నర శ్రుతి

మొన్న ఆదివారం పొద్దున్న మా వీధిలోకి ఒక ఆటో వచ్చింది. పాత ఇనుము, పాత ఫ్యాన్లు, పాడైపోయిన కంప్యూటర్లు కొంటామని ఎవరో అమ్మాయి చేత చెప్పించి, ఆ ఒక్క ముక్కనే మైకులో తిప్పి తిప్పి, రాజమండ్రిలో ఇక మనుషులు మాట్లాడుకోనక్కర్లేదన్నట్టు ఊదరగొట్టేస్తున్నాడు ఆ ఆటో అతను. వంటింట్లోంచి మా ఆవిడ ముందు నా వంకా, తరవాత అటక వంకా చూసింది. అటక మీద పాత దుప్పటి కప్పుకుని కూర్చున్న కంప్యూటరు ఒకటుంది. అదంటే నాకు గిట్టదు. లోకంలో ఎవరికైనా మనిషి మీదో ఊరి మీదో కక్ష ఉంటుంది గాని కంప్యూటరు మీద కక్షేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. నాకు దాని మీదా, దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టిన మా బావమరిది మీదా ఉన్న కోపం ఇన్నేళ్ళయినా తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

నేను పద్యనాటకాలకి హార్మోనియం వాయించినవాణ్ణి. బతుకుతెరువుకి గుమాస్తా ఉద్యోగం ఉండేది గాని, నన్ను నలుగురూ గుర్తుపట్టింది మాత్రం కాళ్ళతో తొక్కే ఆ పెద్ద హార్మోనియం వెనకాల. ఆ విద్య నేర్పింది మా మేనమామ. చిన్నప్పుడు నాన్న పోతే నన్ను పాలకొల్లు దగ్గర తన ఊరికి తీసుకుపోయి పెంచింది కూడా ఆయనే. ఆయన రంగస్థలం మీద రాజు వేషాలు కట్టేవాడు. మా తరం వాళ్ళకి చెప్పనక్కర్లేదు గాని, ఈ కాలం పిల్లలెవరైనా చదువుతుంటే ఒక మాట చెప్పాలి: శ్రుతికి అంకెలుంటాయి, అంకె పెరిగినకొద్దీ గొంతు పైకెక్కాలి. చాలామంది మగవాళ్ళు మూడు, నాలుగు దగ్గర ఆగిపోతారు. మా మావయ్యది అయిదున్నర. కరపత్రంలో ఆయన పేరు పక్కన 'అయిదున్నర శ్రుతి' అని వేసేవాళ్ళు, కొందరికి డిగ్రీలు వేసినట్టు. ఆయన పద్యం ఎత్తుకుని చివర రాగం సాగదీస్తే, వన్స్ మోరని కేకలు పడేవి, ఆయన పాడిన పద్యమే మళ్ళీ పాడేవాడు, రెండోసారి ఇంకా పైకి వెళ్ళేవాడు.

ఆయన అరవై దాటాక ఒకసారి పెద్దాపురం మరిడమ్మ జాతరలో నాటకం పడింది. ఆ వేళ ఆయనకి జలుబు. మొదటి పద్యంలోనే పై స్వరం దగ్గర గొంతు జీరపోయింది. నేను రెండో పద్యానికి ఒక మెట్టు దించి అయిదు ఇచ్చాను. హార్మోనియం మెట్లు నా వైపే ఉంటాయి, నా ఒళ్ళూ చేతులూ అడ్డం, ఇటు నటుడికీ కనపడవు, అటు జనానికీ కనపడవు. ఆయన ఆ శ్రుతినే అందుకుని హాయిగా పాడేసి, తెర వెనక్కి వచ్చి, చూశావురా, జలుబు పద్యానికి జడిసి పారిపోయింది, అని నా భుజం తట్టాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ తరవాత జలుబు తగ్గింది గాని శ్రుతిని మళ్ళీ పైకెత్తడానికి నాకు ధైర్యం చాలలేదు. రెండేళ్ళకి నాలుగున్నర చేశాను, మరో రెండేళ్ళకి నాలుగు. ఇది మోసమని నాకు అప్పుడు తోచలేదు. మా వృత్తిలో హార్మోనిస్టు చేసే పనే అది. పద్యం మరిచిపోతే రాగం పొడిగిస్తాం, ఊపిరి చాలకపోతే మేం అందుకుంటాం, గొంతు అందకపోతే దించుతాం, ఎవరికీ చెప్పం. నాకు కాక ఇంకొక్కరికే తెలుసు, తబలా ఆయనకి. తబలా శ్రుతి చేసుకోవాలి కదా, తప్పదు. ఆయన ఒకసారి నా వంక చూసి, సుత్తితో తన తబలా దించుకుని మాటాడకుండా ఊరుకున్నాడు. అంత మర్యాదస్థుడు.

ఇంతలో నా హార్మోనియానికి చేటుకాలం వచ్చింది. గోదావరి చెమ్మకి రీడ్లు తుప్పు పట్టాయి, తిత్తిని ఎలుకలు కొట్టేశాయి, బాగుచేసే ముసలాయన పోయాడు. సరిగ్గా అప్పుడే మా బావమరిది ఊడిపడ్డాడు. కాకినాడ వైపు ఒక కాలేజీలో కంప్యూటర్లు చెప్పుకుంటాడు, ఖాళీగా ఉన్న వస్తువుని చూస్తే చెయ్యి ఊరుకోని మనిషి. మా అమ్మాయి చదువుకోసం కొన్న కంప్యూటరు, ఆమె ల్యాప్‌టాప్ కొనుక్కున్నాక మా ముందు గదిలో మూలపడి ఉంది. రెండు రోజులు సెలవు పెట్టుకుని వచ్చి, అందులో ఉన్నదంతా తుడిచేసి, ఇంటర్నెట్ తీగ పీకేసి, ఒక ప్లాస్టిక్ మెట్ల పలక తగిలించి, స్విచ్చి వేయగానే నేరుగా హార్మోనియం పలికేలా చేశాడు. దీనికింక వేరే పని చెప్పకూడదండి బావగారూ, ఉత్తరం ముక్క టైపు చేసినా ఊరుకోనండి, ఇది ఇవాళ్టి నుంచి హార్మోనియమేనండి, అని మా ఆవిడ చేత దానికి బొట్టు కూడా పెట్టించాడు.

మొదటిరోజు మెట్టు నొక్కితే స్వరం తీరిగ్గా, వచ్చాంలెండి అన్నట్టు వచ్చేది. మర్నాటికి దాన్నీ సరిచేశాడు. నిజం ఒప్పుకోవాలి గనక ఒప్పుకుంటున్నాను, నాదం బాగుంది. అందుకే నాకు మరీ ఒళ్ళు మండింది. ఏ శ్రుతిలోనైనా వేళ్ళు మార్చి వాయించడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది, దీంట్లో ఒక మీట నొక్కితే మెట్లన్నీ వాటంతటవే పైకో కిందికో జరుగుతాయి, వేళ్ళు మారనక్కర్లేదు. తిత్తి లేదు, తొక్కే పని లేదు, అయినా బల్ల కింద నా కాళ్ళు అలవాటు కొద్దీ తొక్కుతూనే ఉండేవి. ఆపేటప్పుడు ఏ శ్రుతిలో ఉందో గుర్తుపెట్టుకుని, మళ్ళీ వెలిగించినప్పుడు అదే శ్రుతితో లేస్తుంది. ఆ శ్రుతి అంకె తెర మీద ఒక మూల చిన్నగా పడేది. నాకు అప్పుడే కంటి ఆపరేషన్ అయింది. కనపడి చావట్లేదయ్యా, కాస్త పెద్దది చెయ్యి, అని అడిగింది నేనే. మా బావమరిది ఏ పనీ కొంచెంగా చేయడు. మా అమ్మాయి చిన్న తెర తీసేసి, టీవీ అంత తెర తెచ్చిపెట్టి, అరచేతంత అంకె వచ్చేలా చేశాడు.

ఆ చలికాలంలోనే పాలకొల్లులో మావయ్యకి సన్మానం పెట్టారు. పొద్దున్న పదింటికి, ఒక కల్యాణమండపంలో. శాలువా కప్పాక నాలుగు పద్యాలు పాడాలి. వేదిక ముందు మూలని నాకు బల్ల వేశారు. హార్మోనిస్టు ఎప్పుడూ నటుడి వైపు తిరిగి కూర్చుంటాడు, అంటే జనానికి వీపు. ఇన్నేళ్ళూ నా వీపు వెనక నా చేతులు క్షేమంగా ఉండేవి. ఇప్పుడు నా ఎదురుగా, స్టూలు మీద, నా తల కంటే ఎత్తుగా తెర పెట్టాం. నా వెనక ఉన్న నాలుగు వందల మందికీ అది తిరిగి ఉందన్న ఇంగితం నాకు గాని, అంత చదువుకున్న మా బావమరిదికి గాని లేకపోయింది. మావయ్యకి మాత్రం దాని వీపే కనపడుతోంది. నేను మామూలుగానే, ఏమీ ఎరగనట్టు, నాలుగు పెట్టాను.

మొదటి పద్యం అయింది. చప్పట్లు పడ్డాయి, వన్స్ మోరన్నారు. అప్పుడు ముందు వరసలోంచి ఒక పెద్దాయన, పద్యాలకి చెవి కోసుకునే రకం, లేచి నిలబడి, ఎగతాళికి కాదు, నిజంగానే అనుమానం వచ్చి అడిగాడు.

"ఏవండీ, అయిదున్నరని చెప్పారు కదండీ? అక్కడ నాలుగని పడిందేంటండి?"

మావయ్య శాలువా సర్దుకుంటూ వేదిక అంచుకి వచ్చి, స్టూలు పక్కనుంచి వంగి తెర చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత నా వంక తిరిగి, మైకుకి చెయ్యి అడ్డంపెట్టి, ఎప్పణ్ణించిరా అన్నాడు. ఆరేళ్ళయింది మావయ్యా అన్నాను. నేను అబద్ధం ఆడవలసిన క్షణం అదొక్కటే, అప్పుడు మాత్రం నిజం చెప్పాను. ఆయన ముఖంలో కోపం లేదు. ఎవరో తన ఇల్లు తనకి తెలియకుండా అమ్మేశారని తెలిసినవాడిలా నిలబడ్డాడు. వెనక్కి వెళ్ళి మైకు ముందు నిలబడి, అయిదున్నర పెట్టు, అన్నాడు.

పెట్టనని తల అడ్డంగా తిప్పాను. నా పక్కన కూర్చున్న మా బావమరిది వినయంగా చెయ్యి చాపి, ఆ మీటని మూడుసార్లు నొక్కాడు. నాలుగున్నర, అయిదు, అయిదున్నర. జనమంతా ఆ అంకెలు పెరగడం చూశారు. మావయ్య ఎత్తుకున్నాడు. రెండో పాదం దాకా ఎలాగో లాక్కొచ్చాడు. పై స్వరం దగ్గర గొంతు పగిలి, దగ్గు వచ్చి, మాట ఆగిపోయింది. అప్పుడు జనం చప్పట్లు కొట్టారు, జాలితో. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళని కూడా నేను క్షమించలేదు. మీ మావయ్యగారే అడిగారు కదండి బావగారూ, పెట్టకపోతే ఎలాగండి, అంటాడు మా బావమరిది ఈనాటికీ. వాడిది తప్పు కాదని మా ఆవిడ వాదన. కాకపోవచ్చు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే పలకరించి పక్కకి తప్పుకుంటాను.

మావయ్య ఆ తరవాత నాతో మాట్లాడలేదు, వేషమూ కట్టలేదు. ఎండాకాలంలో ఒకరోజు పొద్దున్న, నేను బజారుకెళ్ళిన వేళ, చెప్పా పెట్టకుండా మా ఇంటికి వచ్చాడట. మా ఆవిడ కాఫీ ఇస్తే తాగి, ఆ కంప్యూటరు వెలిగించమన్నాడట. మీట ఎలా నొక్కాలో అడిగి తెలుసుకుని, అయిదున్నర నుంచి మొదలుపెట్టి, ఒక్కో శ్రుతిలోనూ సన్మానంలో ఆగిపోయిన ఆ పద్యమే ఎత్తుకోవడం, పై స్వరం అందకపోతే ఆపి ఒక్క మెట్టు దించుకోవడం, మళ్ళీ ఎత్తుకోవడం. ఆ పద్యం నిండుగా, చివరి రాగంతో సహా, మూడులో అందిందట. పూర్తిగా పాడాక, ఇదమ్మా నా శ్రుతి, అని భుజం మీది కండువాతో ఆ ప్లాస్టిక్ మెట్లు తుడిచి లేచాడట. నేను వచ్చేదాకా ఉండమని మా ఆవిడ బతిమాలింది. వద్దమ్మా, వాడుంటే నాకు తెలియకుండా మళ్ళీ సర్దేస్తాడు, అని బస్సుకి వెళ్ళిపోయాడు. నేను సంచీతో ఇంటికొచ్చేసరికి కాఫీ గ్లాసు ఇంకా బల్ల మీదే ఉంది. వానాకాలంలో ఆయన పోయాడు. ఆ రోజు తరవాత ఎవరూ వెలిగించని కంప్యూటరుని అటకెక్కించాం.

ఇంతకీ మొన్నటి ఆటో. ఇక చాలు, దీని పీడ వదిలించుకుందామని నేనే దింపించాను. పనిచేస్తదాండి, చూపించండి, అన్నాడతను. దుమ్ము దులిపి స్విచ్చి వేశాను. కాసేపు మూలిగి, తెర వెలిగి, నా కంటికి ఆనాలని చేయించిన ఆ పెద్ద అంకె పడింది. మూడు. ఆయన ఆపిన చోటునే ఆగి ఉంది. నా వేలు అనుకోకుండా మీట దాకా వెళ్ళింది, అది మూడు నుంచి కదిలిపోతుందన్న భయంతో వెనక్కి తీసుకున్నాను. అమ్మనన్నాను. ఆయ్, సరేనండి, అని అతను గొణుక్కుంటూ, ఆ అమ్మాయి గొంతుని మళ్ళీ తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ యంత్రం మీద నా కోపం పోలేదు. తన చేతుల మీద పెరిగిన నన్ను కాదని, ఆయన చివరికి దాన్ని నమ్మాడు. దానికి ఆయన మీద ప్రేమా లేదు, భయమూ లేదు, అందుకే నమ్మాడేమో.

ఇప్పుడు ప్రతిదానికీ ఒక అంకె, అది చూపించడానికి ఒక తెర. చేతి గడియారం నడిచిన అడుగులు చెబుతుంది, బీపీ మిషను మొహమాటం లేకుండా చెబుతుంది. శనివారం సాయంత్రాలు నేను మా వీధి చివర భజనకి వెళుతుంటాను, వాయించడానికి కాదు, పాడడానికి. హార్మోనియం లేదక్కడ, ఎవరిదో ఫోను మధ్యలో పెట్టి దాంట్లో శ్రుతి వేస్తారు. కిందటి వారం నా వంతు వచ్చి ఎత్తుకుంటే పై స్వరం అందలేదు. గొంతు సవరించుకుని, ఎవరైనా చూసీ చూడనట్టు ఒక మెట్టు దించుతారేమోనని చుట్టూ చూశాను. అందరూ తాళం వేస్తూ నేను మళ్ళీ ఎత్తుకోవడం కోసం ఎదురు చూస్తున్నారు.